ఓల్డ్ అండ్ న్యూ లండన్ ఆరు సంపుటాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ఆరు పుస్తకాలు మా ఇంటి హాల్లోకి వచ్చినప్పటి నుంచి భోజనానికి పిలిచిన ప్రతివాళ్లూ చేయి కడుక్కోకముందే వాటి దగ్గరికి వెళ్లి ఏదో ఒకటి అడుగుతారు. మొదట్లో ఓపిగ్గా చెప్పేవాణ్ణి, తర్వాత వాట్సాప్‌లో టైపు చేసేవాణ్ణి. ఇప్పుడు అన్నీ ఒక్కచోట రాసి పెడుతున్నా. నేను వ్యాపారిని కాదు, ఇంగ్లండ్‌లో ఉంటూ పాత పుస్తకాల పిచ్చి పట్టినవాణ్ణి, అంతే.

అసలేంటీ సెట్టు?

లండన్ కథని వీధి వీధీ తిరుగుతూ చెప్పే ఆరు లావుపాటి సంపుటాలు. కాసెల్, పెటర్ అండ్ గాల్పిన్ అనే ప్రచురణకర్తలు 1870ల్లో విడి భాగాలుగా వేస్తూ వచ్చారు, 1878 నాటికి ఆరూ పూర్తయ్యాయి. మొదటి రెండూ వాల్టర్ థార్న్‌బరీ రాశాడు, మిగతా నాలుగూ ఎడ్వర్డ్ వాల్‌ఫర్డ్. బొమ్మలు సుమారు 1200. పేజీకి రెండు కాలమ్‌లు, సన్న అక్షరం, కళ్లజోడు లేకుండా నా వల్ల కాదు.

మామూలు చరిత్ర పుస్తకంలా రాజు తర్వాత రాజు అని సాగదు. ఒక వీధి మొదట్లో దిగి, ఈ ఇంట్లో ఫలానా కవి అద్దెకుండేవాడు, ఆ కాఫీ హౌస్‌లో ఫలానావాళ్లు కొట్టుకున్నారు, ఆ మూల మీద ఒకణ్ణి ఉరితీశారు అని చెప్పుకుంటూ వీధి చివరకు తేలతాడు. మన ఊళ్లో అరుగు మీద కూర్చున్న పెద్దాయన ఎదురుగా కనిపించే ఒక్కో ఇంటి గుట్టూ విప్పినట్టు ఉంటుంది.

ఏ సంపుటంలో ఏముంది?

మొదటి రెండూ పాత సిటీ చుట్టూ: ఫ్లీట్ స్ట్రీట్, సెయింట్ పాల్స్, చీప్‌సైడ్, టవర్ ఆఫ్ లండన్. మూడు, నాలుగు వెస్ట్‌మిన్‌స్టర్, స్ట్రాండ్, ఆ పడమటి వైపు. ఐదులో కెన్సింగ్టన్, హ్యాంప్‌స్టెడ్ లాంటి శివార్లు. ఆరు నదికి దక్షిణాన ఉన్న సదర్క్, గ్రీనిచ్ వగైరా.

నా దగ్గరున్నది ఫస్ట్ ఎడిషనేనా?

ఇది అడగని మనిషి లేడు. చాలా సెట్లలో టైటిల్ పేజీ మీద సంవత్సరం ఉండదు. అమ్మేవాళ్లు అదే అదనుగా అన్నిటికీ 1873 అని రాసేస్తారు. మీరు చూడాల్సింది టైటిల్ పేజీ అడుగున ఉన్న ప్రచురణకర్త పేరు. అక్కడ "కాసెల్, పెటర్ అండ్ గాల్పిన్" అని ఉంటే 1870ల ముద్రణ. "కాసెల్, పెటర్, గాల్పిన్ అండ్ కో" అని చివర కో తగిలితే 1870ల చివరి నుంచి 1880ల మొదటి వరకూ. "కాసెల్ అండ్ కంపెనీ, లిమిటెడ్" అని ఉంటే మాత్రం 1883 లేదా ఆ తర్వాతది, ఇంక వాదన అనవసరం. ఆరు సంపుటాల్లో మూడింటి మీద ఒక పేరు, మూడింటి మీద ఇంకో పేరు ఉంటే ఎవరో రెండు సెట్లు కలిపి ఒకటి చేశారన్నమాట. నా సెట్టులో నాలుగోది అలాంటిదే, కొన్న ఏడాదికి గానీ నేను గమనించలేదు.

ఇంకో మాట. భాగాలుగా కొన్నవాళ్లు తర్వాత తమకు నచ్చిన బైండరు దగ్గరికి తీసుకెళ్లి కుట్టించుకునేవారు. అందుకే ఒకరి సెట్టు కాలికో బైండు మీద బంగారు అచ్చుతో ఉంటుంది, ఇంకొకరిది వీపూ మూలలూ తోలు, మిగతా అట్ట పాలరాతి చారల్లా రంగులద్దిన కాగితంతో ఉంటుంది. రెండూ అసలైనవే. "ఇది ఒరిజినల్ బైండింగ్ కాదు" అని బేరం తగ్గించబోతే దుకాణంవాడు నవ్వుతాడు, నాకు అనుభవం.

ఎంత విలువ చేస్తుంది? అమ్మితే అమ్మాయి పెళ్లి ఖర్చు వస్తుందా?

రాదు. పెళ్లి భోజనాల్లో ఒక పంక్తి ఖర్చు కూడా రాదు.

ఇది బాగా అమ్ముడుపోయిన పుస్తకం, మధ్యతరగతి ఇళ్ల కోసమే వేసింది, అందుకే ఇప్పటికీ బోలెడు సెట్లు తిరుగుతున్నాయి. నూట యాభై ఏళ్లు అనగానే మనకు లక్షలు కనిపిస్తాయి గానీ పాతదనం వేరు, అరుదు వేరు. పోలిక కావాలంటే, 1808 నుంచి 1810 వరకూ రుడాల్ఫ్ ఆకర్‌మన్ లండన్ మీద మూడు సంపుటాలు వేశాడు. అందులో చేత్తో రంగులద్దిన 104 పెద్ద బొమ్మలు, మనుషుల్ని రౌలండ్‌సన్ గీస్తే భవనాల్ని పూజిన్ గీశాడు. అది వేలంలోకి వస్తే పెద్ద పెద్ద వాళ్లు చేతులెత్తుతారు. మన సెట్టు ఆ వర్గం కాదు.

దీని ధరని నిర్ణయించేది ఎక్కువగా అట్టే. లోపల ఒక్క పేజీ చదవని మనిషి కూడా తోలు వీపు మీద బంగారు గీతలు మెరుస్తుంటే షోకేసు కోసం కొంటాడు. ఇంటీరియర్ డెకరేటర్లు పుస్తకాల్ని గజాల లెక్కన కొంటారని విని మొదట జోకనుకున్నా, కాదు. నేను 120 పౌండ్లు పెట్టి కొన్నాను. అట్టలు అరిగి ఉన్నాయి కాబట్టి ఆ ధరకు వచ్చింది.

బొమ్మలు కోసి విడివిడిగా అమ్మితే ఎక్కువ వస్తుందట కదా?

వస్తుంది. అదే ఈ పుస్తకానికి పట్టిన శని. 1200 బొమ్మలున్న పుస్తకం మొత్తంగా తక్కువ ధరకు దొరుకుతుంటే, ఒక్కో బొమ్మనీ కోసి, అట్ట ఫ్రేము కట్టి, "మీ పేట పాత చిత్రం" అని ఆ పేటలో ఉండేవాడికి అమ్మడం సులువు. కెన్సింగ్టన్‌లో ఫ్లాటు కొన్నవాడు కెన్సింగ్టన్ బొమ్మ కొంటాడు. అలా బొమ్మల కోసమే పుస్తకాన్ని చీల్చేవాళ్లు ఈ వ్యాపారంలో ఎప్పటి నుంచో ఉన్నారు.

నా మొదటి సెట్టు ఇది కాదు. అంతకుముందు ఒక ఆన్‌లైన్ దుకాణంలో "కంప్లీట్" అని రాసి ఉంటే నమ్మి తెప్పించా. పార్సిల్ విప్పి ఐదో సంపుటం తిరగేస్తుంటే పేజీ నంబర్లు గెంతుతున్నాయి. కుట్టు దగ్గర బ్లేడుతో కోసిన సన్నటి అంచులు మిగిలాయి, అంత నీటుగా కోశాడు మహానుభావుడు. మొత్తం మీద 31 ఆకులు లేవు. డబ్బులు వెనక్కి ఇచ్చారు గానీ 12 కిలోల పైన బరువున్న డబ్బాని తిరిగి పోస్టాఫీసుకు మోసింది నేనే.

కాబట్టి కొనేముందు ఫొటోలు చూసి ఊరుకోకండి. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో ఆరు సంపుటాల్లోనూ చూడమని అడగండి. ఒక్కో సంపుటం దాదాపు 576 పేజీలు, పావుగంట పని. సంపుటం మొదట్లో బొమ్మల పట్టిక ఉంటుంది, దాంతో సరిపోల్చండి. చూడ్డానికి విసుగొస్తోంది అని అమ్మేవాడు అన్నాడంటే, అక్కడే వదిలేయండి.

ఒక బొమ్మ వెనక అక్షరాలు అచ్చై ఉన్నాయి, ఇది లోపమా?

కాదు. ఆ బొమ్మలు చాలావరకూ మేటర్‌తో కలిపి అచ్చేసినవే, అందుకే వెనక వైపు వేరే పేజీ మేటర్ ఉంటుంది. ఫ్రేము కట్టిన బొమ్మని ఎవరైనా మీకు అమ్మజూపితే వెనక్కి తిప్పి చూడండి, ఏ పుస్తకం పీనుగులోంచి వచ్చిందో తెలిసిపోతుంది.

ఇవి ఫొటోలు కావు కదా, మరి ఇంత వివరంగా ఈ బొమ్మలు ఎలా వేశారు?

ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న, కాస్త ఓపిక పట్టండి. మన లెటర్ ప్రెస్సుల కాలం చూసినవాళ్లకి "బ్లాకు" అంటే తెలుసు. అక్షరాల పక్కనే బ్లాకుని బిగించి రెండూ ఒకేసారి అచ్చేసేవారు. ఇవీ ఆ కోవవే, కాకపోతే చెక్క బ్లాకులు. మామూలు చెక్కలా నిలువుగా కోసిన పలక మీద కాదు, బాక్స్‌వుడ్ అనే గట్టి చెక్కని అడ్డంగా కోస్తే వచ్చే ముఖం మీద చెక్కుతారు. పీచు అడ్డం రాదు కాబట్టి ఉలి ఎటు తిప్పితే అటు వెళుతుంది, వెంట్రుక అంత సన్న గీత కూడా వస్తుంది. ఈ పద్ధతిని కళ స్థాయికి తెచ్చింది న్యూకాసిల్ దగ్గరి థామస్ బ్యూయిక్, ఆయన 1828లో పోయాడు.

బాక్స్‌వుడ్ చెట్టు మానేమో సన్నగా ఉంటుంది. పెద్ద బొమ్మ కావాలంటే చిన్న ముక్కల్ని వెనక నుంచి బోల్టులతో కలిపి ఒక పలకగా చేసేవారు. తొందర పని అయితే మళ్లీ విప్పి తలా ఒక ముక్క పంచి, ఒకడు ఆకాశం, ఒకడు పడవలు, ఇంకొకడు గోపురం చెక్కేవాడు. తర్వాత ముక్కలు కలిపేవారు. కలిపిన చోట గీతలు సరిగ్గా కుదరకపోతే బొమ్మ నడుమ సన్నటి తెల్ల గీత మిగిలిపోతుంది. పెద్ద బొమ్మల్ని భూతద్దం కింద పెట్టి ఆ అతుకు వెతకండి. మా పెద్దవాడికి ఇది ఒక ఆటైపోయింది, దొరికిందంటే ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. ఎక్కువ కాపీలు వేస్తే చెక్క అరిగిపోతుంది కదా అంటారా, అందుకే చెక్క నుంచి రాగి నకలు తీసి దాంతో అచ్చేసేవారు.

రంగుల బొమ్మలు చూశాను, అవి ఖరీదైన ఎడిషనా?

ఈ చెక్క బొమ్మలు అచ్చైంది నలుపు తెలుపుల్లోనే. రంగులు తర్వాత ఎవరో అద్దారు, చాలాసార్లు ఈ మధ్యనే, గోడకు తగిలించడానికి.

ఆకుపచ్చ అట్ట పాత పుస్తకాల్లో విషం ఉంటుందని చదివాను. నిజమేనా?

నిజమే, పుకారు కాదు. విక్టోరియా కాలంలో మిరుమిట్లు గొలిపే ఒక ఆకుపచ్చ రంగుకి ఆర్సెనిక్ వాడేవారు, పుస్తకాల గుడ్డ అట్టలకూ అదే రంగు వేశారు. అమెరికాలోని వింటర్‌థర్ లైబ్రరీ 2019 నుంచి ఇలాంటి పుస్తకాల జాబితా తయారుచేస్తోంది. ఆ రంగు అట్టలు ఎక్కువగా 1840ల నుంచి 1860ల దాకా వచ్చినవి, మన సెట్టు దాని తర్వాతది. అయినా మీ చేతికి వచ్చిన పాత పుస్తకం అట్ట పచ్చటి చిలక రంగులో మెరుస్తూ పొడి రాలుతుంటే చేతులు కడుక్కోండి, పిల్లలకివ్వకండి, పేజీ తిప్పడానికి వేలు నాలుకకు రాసుకునే అలవాటు మానండి. చివరిది ఏ రంగు అట్టకైనా వర్తిస్తుంది, మా బాబాయితో సహా.

పేజీల మీద గోధుమ రంగు మచ్చలున్నాయి, తోలు ఎర్రగా పొడిలా రాలుతోంది. ఏం చెయ్యాలి?

మచ్చల్ని ఫాక్సింగ్ అంటారు, ఆ కాలపు కాగితానికి మామూలే, తుడిచినా పోవు. వాటిని తెల్లగా చెయ్యాలని బ్లీచింగ్ ప్రయోగాలు చెయ్యొద్దు. ఎర్ర పొడి రాలుతోందంటే తోలు కుళ్లుతోందని అర్థం, ఇదీ ఆ కాలపు తోలుకు సాధారణమే. నూనె, వేజలీన్, షూ పాలిష్ లాంటివి రాయకండి, పైన రెండు రోజులు మెరిసి లోపల ఇంకా పాడవుతుంది. చిరిగిన పేజీకి సెల్లోటేప్ అసలే వద్దు. నా మూడో సంపుటంలో ఎవరో ఎప్పుడో వేసిన టేపు ఊడిపోయి పసుపు చార మాత్రం మిగిలింది, అది ఇంక ఆ కాగితంతోనే ఉంటుంది. అట్ట ఊడొస్తుంటే మెత్తటి నూలు నాడాతో చుట్టి కట్టేయండి, చాలు.

ఇండియాకు తీసుకెళితే పాడవుతాయా?

విజయవాడ, కాకినాడ వైపు అయితే జాగ్రత్త. ఎండ కన్నా తేమ ప్రమాదం, తేమ కన్నా చెద ప్రమాదం. గోడకు ఆనించి పెట్టకండి, గోడలోంచి వచ్చే చెద మొదట చివరి సంపుటాన్ని తినేసి వరసగా వస్తుంది. అద్దాల బీరువా అయినా నెలకోసారి తలుపులు తీసి గాలి ఆడనివ్వండి. కలరా ఉండలు వేస్తే పురుగు రాదు గానీ ఆ వాసన పుస్తకానికి పట్టిందంటే మీ మనవడికి కూడా తలనొప్పి వస్తుంది. వేపాకు వేసేవాళ్లు బాగా ఎండినదే వెయ్యండి.

బరువు సంగతి ముందే చెప్పా. ఫ్లైట్‌లో చెకిన్ లగేజీలో సగం పోతుంది. ఆవకాయ, పుస్తకాలు ఒకే పెట్టెలో పెట్టడం గురించి నేను వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

మరి మా తాతగారి నాటి సెట్టు ఊళ్లో ఉంది, అమెరికాకు పంపొచ్చా? ముందు పురావస్తు శాఖవాళ్లని అడగండి. వందేళ్లు దాటిన కళాఖండాలు, 75 ఏళ్లు దాటిన చారిత్రక పత్రాలు దేశం దాటడం మీద 1972 నాటి పురావస్తువుల చట్టం ఆంక్షలు పెట్టింది. మీ పుస్తకం దాని కిందకు రాదని రాతపూర్వకంగా తీసుకుంటే ఎయిర్‌పోర్టులో టెన్షన్ ఉండదు.

ఇందులో మనవాళ్లకు సంబంధించినది ఏమైనా ఉందా?

రెండో సంపుటంలో లీడెన్‌హాల్ వీధి, అక్కడి పాత ఈస్టిండియా హౌస్ మీద ఒక అధ్యాయం ఉంది. మన మీద పెత్తనం చేసిన కంపెనీకి ఆఫీసు అదే. ఉత్తర సర్కారుల నుంచి, మద్రాసు నుంచి వెళ్లిన ఉత్తరాలన్నీ చివరికి చేరింది ఆ భవనానికే. మైసూరులో దోచుకెళ్లిన టిప్పు పులి బొమ్మని జనం చూడ్డానికి పెట్టింది కూడా అక్కడే. 1861లో దాన్ని కూల్చేశారు, అంటే ఈ పుస్తకం వచ్చేసరికే అది "పాత" లండన్. ఇప్పుడు ఆ స్థలంలో పైపులన్నీ బయటికి కనిపించే లాయిడ్స్ భవనం ఉంది.

ఆ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది అమరావతి. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన శిల్పాలు మద్రాసులో ఏళ్ల తరబడి పడి ఉండి, 1859లో ఓడెక్కి లండన్ వచ్చాయి. ఈస్టిండియా హౌస్ పోయాక కంపెనీ మ్యూజియం సామాను వైట్‌హాల్‌లోని ఫైఫ్ హౌస్ అనే ఇంటికి మార్చారు. మన రాళ్లు ఆ ఇంటి బండ్ల కొట్టంలో పడున్నాయి. 1867 పారిస్ ఎగ్జిబిషన్ కోసం భారతీయ శిల్పాల ఫొటోలు పోగుచేస్తూ భారతీయ కట్టడాల చరిత్ర రాసిన జేమ్స్ ఫెర్గూసన్ వాటిని చూసి ఉండకపోతే ఇంకెన్నాళ్లు అక్కడ ఉండేవో. 1880లో బ్రిటిష్ మ్యూజియంకు వెళ్లాయి, ఇప్పుడు 33ఎ గదిలో ఉన్నాయి. వైట్‌హాల్ బొమ్మల్లో గుర్రపు బండ్లు కనిపించినప్పుడు నా చూపు బండి మీద ఆగదు, బండి పెట్టే కొట్టం మీదికి పోతుంది.

ఇంకొకటి. ఈ భాగాలు ఒక్కోటీ దుకాణాల్లోకి వస్తున్న ఆ ఏళ్లలో మన సి.పి. బ్రౌన్ దొర లండన్‌లోనే ఉన్నాడు. 1855లో ఇండియా వదిలి వచ్చి, ఇక్కడ తెలుగు ప్రొఫెసర్‌గా పనిచేసి, 1884 డిసెంబర్‌లో ఇక్కడే పోయాడు.

ఇందులో రాసినదంతా నమ్మొచ్చా?

కథలా చదవండి, సాక్ష్యంలా వాడకండి. థార్న్‌బరీ చెయ్యి తిరిగిన పత్రికా రచయిత, రాసే వేగం ఎక్కువ, సరిచూసుకునే ఓపిక తక్కువ. అంతకుముందు 1862లో చిత్రకారుడు టర్నర్ జీవిత చరిత్ర రాసి తప్పులతో చెడ్డపేరు తెచ్చుకున్నాడు. పాపం, 1876లో 47 ఏళ్లకే పోయాడు, పని ఒత్తిడే చంపిందంటారు. వాల్‌ఫర్డ్ కుదురైన మనిషి, వంశవృక్షాలూ తేదీలూ ఇష్టం, కాబట్టి ఆయన సంపుటాల్లో తప్పులు తక్కువ, నిద్ర ఎక్కువ. నాకు మాత్రం థార్న్‌బరీయే ఇష్టం.

ఈ పుస్తకం పట్టుకుని లండన్‌లో తిరిగితే ఏమైనా కనిపిస్తుందా?

సగం కనిపించదు, అదే మజా. ఉదాహరణకి టెంపుల్ బార్. ఫ్లీట్ స్ట్రీట్ పడమటి చివర సిటీ హద్దుగా నిలబడ్డ రాతి ద్వారం అది, 1670 ప్రాంతంలో కట్టింది, సెయింట్ పాల్స్ కట్టిన క్రిస్టఫర్ రెన్ కట్టాడంటారు. రాజద్రోహుల తలకాయలు దాని మీద గుచ్చి పెట్టేవారు. 1746లో అలా పెట్టిన తలల్ని దగ్గరగా చూడ్డానికి కొందరు కింద నిలబడి దుర్భిణులు అర పెన్నీకి అద్దెకిచ్చారు. ఎక్కడ జనం పోగైతే అక్కడ బండి పెట్టే తెలివి మనకొక్కరికే ఉందనుకునేవాణ్ణి.

థార్న్‌బరీ రాస్తున్నప్పుడు ఆ ద్వారం అక్కడే ఉంది. ఆరో సంపుటం వచ్చే 1878 నాటికి ట్రాఫిక్‌కి అడ్డమని ఊడదీసి, రాళ్లకి నంబర్లేసి పోగు పెట్టేశారు. తర్వాత బీరు తయారుచేసే ఒక వ్యాపారి కుటుంబం ఆ రాళ్లు కొని హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో తమ ఎస్టేటు గేటుగా నిలబెట్టుకుంది. 2004లో మళ్లీ లండన్ తెచ్చి సెయింట్ పాల్స్ పక్కన కట్టారు. పుస్తకం ప్రకారం ఫ్లీట్ స్ట్రీట్‌కి వెళితే మీకు కనిపించేది దిమ్మె మీద ఒక డ్రాగన్ బొమ్మ మాత్రమే.

తిరగేసి చూస్తే, మనం లండన్ అనగానే తలుచుకునే టవర్ బ్రిడ్జి ఇందులో ఉండదు, అది 1894లో గానీ తెరవలేదు. ఈ పుస్తకాలు పుట్టిన కాసెల్ వాళ్ల ప్రెస్సు, లడ్‌గేట్ హిల్ దగ్గరి లా బెల్ సావేజ్ యార్డు కూడా మిగల్లేదు, 1941 మే నెలలో బాంబులు పడి నేలమట్టమైంది.

ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉంది కదా, మరి కొనడం ఎందుకు?

చదవడానికైతే అక్కర్లేదు. బ్రిటిష్ హిస్టరీ ఆన్‌లైన్ అనే వెబ్‌సైట్‌లో వెతుక్కునే వీలుతో మొత్తం పెట్టారు, నేనూ ఏదైనా పేరు కావాలంటే ముందు అక్కడే వెతుకుతా. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో స్కాన్లు ఉన్నాయి. కాకపోతే స్క్రీన్ మీద మీరు వెతికిందే దొరుకుతుంది. పుస్తకంలో మీరు వెతకనిది దొరుకుతుంది.

బొమ్మలు స్కాన్ చేసి నా వ్యాసంలో వాడుకోవచ్చా?

వాడుకోండి. రచయితల్లో ఆఖరివాడు వాల్‌ఫర్డ్ పోయింది 1897లో, కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది. స్కానర్ మీద పుస్తకాన్ని బోర్లించి అదమకండి, వీపు విరుగుతుంది. పగటి వెలుతురులో ఫోన్‌తో తియ్యండి చాలు.

గ్రేటర్ లండన్ అని ఇంకో రెండు సంపుటాలు కలిపి ఎనిమిది అంటున్నారు, అది కొనాలా?

అది వాల్‌ఫర్డ్ 1880ల్లో ఊరి బయటి పల్లెల మీద రాసిన వేరే పుస్తకం. మీ ఆరింటికీ అది లేకపోతే లోటేమీ కాదు.

ఆరూ వద్దు, చోటు లేదు. ఒక్కటే కొంటే ఏది?

విడి సంపుటాలు చవగ్గా దొరుకుతాయి. లండన్ తెలిసినవాళ్లు మొదటిది అంటారు, టెంపుల్ బార్, ఫ్లీట్ స్ట్రీట్ అందులోనే. నేనైతే రెండోది కొనమంటా, లీడెన్‌హాల్ వీధి అందులో ఉంది. కొన్నాక మాత్రం పేజీ నంబర్లు లెక్కపెట్టుకోండి.